నాగావళి ఒడ్డున నడుస్తూ శ్రీకాకుళం చూడటం ఎలా

శ్రీకాకుళం వచ్చేవాళ్ళలో చాలామంది అరసవల్లిలో దర్శనం చేసుకుని, శ్రీకూర్మం చూసుకుని, సాయంత్రానికి బస్సెక్కేస్తారు. ఊరి నడుమ నుంచి నాగావళి పారుతోందని వాళ్ళకు తెలిసేది బస్సు వంతెన మీదికి వచ్చినప్పుడే. కిటికీలోంచి ఇసుక తిన్నెలు, సన్నటి నీటిపాయ, ఒకటి రెండు కొంగలు కనిపిస్తాయి. ఈలోగా వంతెన అయిపోతుంది.

నేను ఈ ఒడ్డున చాలాసార్లు నడిచాను. ఒక రోజు తీరిక చేసుకుని కాలినడకన చూస్తేనే ఈ ఊరు అర్థమవుతుందని నా నమ్మకం. కింద రాసింది ఆ ఒక్క రోజు కోసం. నడక మొత్తం నాలుగైదు కిలోమీటర్లకు మించదు. చూస్తూ, ఆగుతూ, మాట్లాడుతూ వెళ్ళాలి కాబట్టి సమయం మాత్రం ఎక్కువే పడుతుంది.

ముందుగా: ఊరు ఇక్కడే ఎందుకుంది?

చెప్పులు తొడుక్కునే ముందు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మిగతావన్నీ దానంతటవే దీని చుట్టూ చేరతాయి.

నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుడుతుంది. రాయగడ మీదుగా, పార్వతీపురం ప్రాంతం మీదుగా దాదాపు 256 కిలోమీటర్లు పారి, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కోస్తా వెంట కలకత్తా నుంచి మద్రాసు పోయే పాత బాట ఈ నదిని ఎక్కడో ఒకచోట దాటక తప్పదు. ఆ దాటే చోటే శ్రీకాకుళం. వంతెన లేని రోజుల్లో దాటాలంటే ఆగాలి. ఏరు నిండుగా ఉంటే అది తగ్గేదాకా ఒడ్డున పడిగాపులు పడాలి. మనుషులు ఆగినచోట అంగడి వెలుస్తుంది. అంగడి ఉన్నచోటికి సుంకం వస్తుంది. సుంకం వసూలయ్యే చోటికి ఆ ప్రాంతాన్ని అదుపులో ఉంచే సైనికాధికారి, ఫౌజుదారూ వస్తాడు.

వచ్చాడు కూడా. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది ఒక సర్కారుకు, అంటే అప్పటి పాలనా విభాగానికి, ముఖ్యపట్నం. అప్పట్లో గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేది, పూలతోటల ఊరని అర్థం. తరవాత నిజాం చేతికి, 1753లో ఫ్రెంచివాళ్ళకు, 1766 నాటికి ఇంగ్లీషువాళ్ళకు పోయింది. వాళ్ళ నోట చికాకోల్ అయింది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండి, ఆపైన విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న సొంత పేరుతో జిల్లా అయింది. ఎన్ని జెండాలు మారినా ఏరు దాటే చోటు మారలేదు. అందుకే మీరు ఈ రోజు ఏది చూసినా, ఇది ఇక్కడెందుకుంది, ఏటితో దీనికేం పని, అని ఒకసారి అడుక్కోండి.

ఎప్పుడు రావాలి

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఉదయం పొగమంచు, మధ్యాహ్నం భరించదగ్గ ఎండ, తేటగా పారే నీళ్ళు. కార్తీకమాసంలో వస్తే ఒడ్డు అంతా దీపాలతో ఉంటుంది, కానీ జనం కూడా అంతే ఉంటారు. ఒంటరిగా తిరిగి చూడాలనుకునేవాళ్ళు సోమవారాలు, పౌర్ణమి తప్పించండి. ఆ దీపాలే చూడాలనుకుంటే ఆ రోజుల్లోనే రండి.

అక్టోబరులో, నవంబరు మొదటి వారాల్లో వాతావరణ కబురు చూసుకోకుండా బయల్దేరకండి. ఈ తీరానికి తుపాన్ల కాలం అది. 2018లో తిత్లీ అక్టోబరు 11న ఈ జిల్లాలోనే తీరం దాటింది. మే నెలలో ఎండకంటే ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. అప్పుడు రావాల్సివస్తే ఉదయం ఎనిమిదింటికల్లా నడక ముగించేయండి.

ఇంకో సంగతి. రథసప్తమికీ, మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు అరసవల్లి స్వామి పాదాలను తాకే రోజుల్లోనూ ఊళ్ళో గది దొరకడం కష్టం. ముందే బుక్ చేసుకోవాలి, లేదా ఆ రోజులు వదిలేయాలి.

మనది తూర్పు కొస కాబట్టి ఇక్కడ పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా వాలుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా మసక వచ్చేస్తుంది. హైదరాబాదు లెక్కన ఆరు దాకా వెలుగుంటుందని వేసుకున్న ప్లాను ఇక్కడ పనిచేయదు.

చేరుకోవడం, వెంట ఉంచుకోవాల్సినవి

రైల్లో వచ్చేవాళ్ళు టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్డు అని చూసి ఊళ్ళోనే దిగుతామనుకుంటారు. ఆ స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి ఊరు 13 కిలోమీటర్లు. బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. తెల్లవారుజామున దిగితే ఆటో ఎక్కే ముందే బేరం మాట్లాడుకోండి. విశాఖపట్నం నుంచి బస్సులో రావడమే చాలామందికి సుఖం. అయితే జాతీయ రహదారి ఇప్పుడు ఊరి బయటినుంచి పోతుంది. కాబట్టి మీరెక్కిన బస్సు కాంప్లెక్సు (ఊళ్ళోని బస్టాండు) లోపలికి వెళ్తుందా, బైపాస్ మీద దించేస్తుందా అన్నది కండక్టర్ని ముందే అడగండి.

వీలైతే ముందురోజు రాత్రికే చేరి పడుకోండి. తెల్లవారి ఐదున్నరకు ఒడ్డున ఉండాలి.

సామాను తక్కువే చాలు. పట్టున్న చెప్పులు కావాలి. పాచిపట్టిన మెట్ల మీద నున్నటి అడుగున్న బూట్లు జారుతాయి. గుళ్ళో, మసీదులో విప్పాల్సి ఉంటుంది కాబట్టి లేసులున్నవి వద్దు. ఒక తువ్వాలు, నీళ్ళ సీసా, గొడుగు, చిల్లర. మోకాళ్ళు కప్పే బట్టలు. నోట్‌బుక్ ఉంటే మరీ మంచిది, ఎందుకో తరవాత చెప్తాను.

బయల్దేరే ముందు ఫోన్లో మ్యాప్ తెరిచి రోడ్లను కాకుండా నదిని చూడండి. అది ఎటు వంపు తిరిగిందో, ఊరు ఎక్కడ దానికి దగ్గరగా జరిగిందో, ఏ వీధులు నేరుగా నీళ్ళలోకి దిగుతున్నాయో గమనించండి. నీళ్ళలోకి దిగే వీధులే పాత వీధులు. నదికి సమాంతరంగా పోయేవి చాలావరకు తరవాత వచ్చినవి.

మొదటి అడుగు: పాత వంతెన

నడక పాత వంతెన మీద మొదలుపెట్టండి. గుడి దగ్గరో, టీ కొట్టు దగ్గరో కాదు. తెల్లవారి వాహనాలు తక్కువగా ఉన్నప్పుడు ఒక పక్కగా నడిచి, మధ్యకు వెళ్ళి, నీళ్ళు వచ్చే వైపు తిరిగి నిలబడండి. పది నిమిషాలు కదలకండి.

మొదట నీటిపాయ ఎక్కడుందో చూడండి. నాగావళి వెడల్పంతా నీళ్ళుండే రోజులు ఏడాదిలో కొన్నే. మిగతా రోజుల్లో ఏదో ఒక ఒడ్డుకు ఒరుసుకుని పారుతుంది. నీరు ఒరుసుకునే ఒడ్డు కోసుకుపోయి నిటారుగా ఉంటుంది. రెండోవైపు ఇసుక మేటలు. రేవులన్నీ లోతున్న వైపే ఎందుకున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

తరవాత కిందికి, వంతెన స్తంభాల వైపు చూడండి. ఒక ఎత్తున రంగు మారిన గీత కనిపిస్తుంది. ఒడ్డున తుమ్మచెట్ల కొమ్మల్లో ఎండిన గుర్రపుడెక్క, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు వేలాడుతుంటాయి. అవి గాలికి ఎగిరి చిక్కుకున్నవి కావు. కిందటి వరద అంత ఎత్తున వచ్చింది. మొదటిసారి ఆ పీలికలు నా తలకంటే పైన చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నేను నిలబడ్డది పొడి ఇసుక మీద. 1876లో వచ్చిన వరదకు ఈ ఊరి వంతెన ఆరు కమానులు కొట్టుకుపోయాయి, ఊరు చాలా నష్టపోయింది. పుస్తకంలో చదివితే అదొక అంకె. ఆ పీలికల కింద నిలబడితే నిజం.

ఆపైన వెనక్కి తిరిగి, నీళ్ళు పోయే వైపు చూడండి. అటే సముద్రం. వాతావరణం తేటగా ఉంటే అటువైపు ఆకాశం ముందు తెల్లబడుతుంది.

రేవులు గుర్తుపట్టడం

ఈ నడకలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. తొందరపడకండి.

ఒడ్డు పొడవునా తెగకుండా ఒకే బాట దొరుకుతుందని ఆశపడొద్దు. కొంతదూరం వెళ్ళాక గోడో, ముళ్ళకంపో, మురుగుకాలువో అడ్డొస్తుంది. అప్పుడు దగ్గరి సందులోంచి వీధిలోకి వెళ్ళి, తరవాతి సందులోంచి మళ్ళీ నీటికి దిగాలి. ఇలా లోపలికీ బయటికీ నడవడమే ఈ ఒడ్డును చూసే పద్ధతి. ప్రతి సందు చివరా ఒక రేవు ఉంటుంది, లేదా ఒకప్పుడు రేవు ఉండిన ఆనవాలు ఉంటుంది.

రేవు అంటే మెట్లున్న చోటనే కాదు. మనుషులు ఒకే పనికి తరతరాలుగా నీళ్ళలోకి దిగిన చోటు రేవు. ఏ పనికో రాళ్ళే చెప్తాయి.

స్నానాల రేవులో మెట్ల మీద పసుపు, కుంకుమ మరకలుంటాయి. రాయి సందుల్లో కాలిన వత్తులు, వాడిన బంతిపూలు, కార్తీకం తరవాతైతే ఎండి వంకరపోయిన అరటి దొప్పలు. చాకిరేవులో రాళ్ళు ఏటవాలుగా ఉంటాయి, పైభాగం అద్దంలా నున్నగా అరిగి ఉంటుంది. ఒకసారి ఆ రాతిమీద అరచెయ్యి పెట్టి చూడండి. ఎన్నేళ్ళు బట్టలు బాదితే ఆ నునుపు వస్తుందో చేతికి తెలుస్తుంది. పశువుల రేవుకు మెట్లుండవు. వాలుగా దిగే మట్టిబాట, దాని మీద గిట్టల గుంటలు, ఆ గుంటల్లో నిలిచిన నీళ్ళు. ఇంకా కొన్నిచోట్ల విసురువల భుజాన వేసుకుని మోకాలి లోతులో నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. వల విసిరే ముందు అతను చాలాసేపు ఊరికే నీళ్ళను చూస్తుంటాడు. ఆ సేపట్లో పలకరించకండి.

ఇదంతా చూస్తున్నప్పుడు బట్టల సంగతి గుర్తు చేసుకోండి. సన్నటి మస్లిన్ బట్టకు ఈ ఊరు ఒకప్పుడు పేరుపడ్డది. నూలు తడపాలన్నా, గంజిపెట్టాలన్నా, నేసిన బట్ట ఉతికి తెల్లగా తేల్చాలన్నా పారే నీళ్ళు కావాలి, బట్ట ఆరవేయడానికి శుభ్రమైన ఇసుక కావాలి. రెండూ ఇక్కడున్నాయి. ఆ నేత ఊళ్ళోంచి పోయినా జిల్లాలోంచి పోలేదు. పొందూరులో ఈనాటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో సన్నని నూలు వడుకుతున్నారు. రైల్లో విజయనగరం వైపు వెళ్ళేవాళ్ళకు పొందూరు దారిలోనే పడుతుంది.

రేవుల్లో మర్యాద గురించి నిక్కచ్చిగా చెప్తాను. స్నానం చేస్తున్నవాళ్ళ వైపు ఫోను ఎత్తకండి, దూరం నుంచి కూడా. ఆడవాళ్ళున్న రేవు అయితే మెట్లు దిగకుండా పైనుంచే తప్పుకుని తరవాతి రేవుకు వెళ్ళండి. ఒడ్డున దహనాలు జరిగే చోటు తగిలితే మాట తగ్గించి, ఆగకుండా దాటండి.

ఏటిలోకి దిగొచ్చా?

తెలియని చోట దిగొద్దు. పైకి మోకాలి లోతులా కనిపించేచోట ఇసుక తవ్విన గోతులుంటాయి. ఒడ్డునుంచి అవి కనబడవు. ఈత వచ్చినవాళ్ళు కూడా వాటిలో చిక్కుకుంటారు.

రెండో ప్రమాదం పైనుంచి వచ్చే నీరు. నాగావళి మీద తోటపల్లి దగ్గర బ్యారేజీ, ఇంకా కిందికి నారాయణపురం ఆనకట్ట ఉన్నాయి. ఉపనది సువర్ణముఖి మీద మడ్డువలస జలాశయం ఉంది. శ్రీకాకుళంలో చినుకు లేకపోయినా, ఒడిశా కొండల్లో వాన పడి పైన గేట్లు ఎత్తితే ఇక్కడ ఏరు పెరుగుతుంది.

నాకిది అనుభవం. ఒక అక్టోబరు ఉదయం, ఎండ కాస్తుండగా, ఇసుక తిన్నె మీద నడుస్తూ చాలా దూరం పోయాను. వెనక్కి చూస్తే వచ్చేటప్పుడు చీలమండ దాకా ఉన్న పాయ రంగు మారి ఉంది. తేటనీరు పోయి ఎర్రటి నీరు, దాని మీద నురగ, చెత్త. ఒడ్డున బట్టలు మూటకడుతున్న పెద్దాయన చెయ్యెత్తి అరిచాడు: "బాబూ, కొత్తనీరొచ్చీసింది, ఒడ్డెక్కీ!" పరుగెత్తి దాటేసరికి మోకాళ్ళ పైకి వచ్చింది. గంట తరవాత నేను నిలబడ్డ తిన్నె కనిపించలేదు. నీటి రంగు మారడం, పుల్లా పుడకా నురగా తేలిరావడం, ఈ రెండూ కనిపించిన క్షణంలోనే ఒడ్డెక్కేయండి. ఫోటో కోసం ఆగకండి.

గుడివీధిలో కోటేశ్వరుడు

ఏడున్నర, ఎనిమిది గంటల మధ్య గుడివీధికి చేరండి. ఉమారుద్ర కోటేశ్వరస్వామి ఆలయం ఇక్కడే, ఏటి ఒడ్డునే ఉంది.

ఈ గుడిని ఒంటరిగా చూడకండి. నది పొడవునా ఉన్న ఐదు శివాలయాల వరసలో ఇదొకటి. కరువుతో అల్లాడుతున్న జనం మొరపెట్టుకుంటే బలరాముడు తన నాగలితో నేల చీల్చి నీరు పారించాడనీ, అదే నాగావళి అయిందనీ ఇక్కడ చెప్పుకునే కథ. సంస్కృతంలో నాగలి లాంగలం. అందుకే నదికి లాంగుల్య అనే పేరు కూడా ఉంది. ఆ నాగలి చాలు వెంట ఆయన ఐదుచోట్ల శివుణ్ణి నిలిపాడంటారు. రాయగడ దగ్గర పాయకేశ్వరుడు, గుంపలో సోమేశ్వరుడు, సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో కోటేశ్వరుడు, కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు. గుంప దగ్గర జంఝావతి వచ్చి కలుస్తుంది, సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. అంటే ఈ కథలో నది పటమంతా ఉంది. చదువురాని పిల్లవాడికి కూడా నది ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ మలుపు తిరిగి ఎక్కడ కలుస్తుందో గుర్తుండిపోయేలా పెద్దలు కట్టిన పటమని నాకనిపిస్తుంది.

దర్శనం చేసుకున్నాక వెంటనే బయటికి రాకండి. ఏటివైపు నిలబడి, గుడి నీటికి ఎంత ఎత్తున ఉందో చూడండి. వంతెన స్తంభం మీద చూసిన గీతతో పోల్చుకోండి.

శివరాత్రికి ఇక్కడ కాలు పెట్టే చోటుండదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు ఆ రోజు రాకపోవడమే మేలు.

పేట పేరు చదవడం, మసీదు, డచ్ బంగ్లా

టిఫిను తిన్నాక ఊరి లోపలికి తిరగండి. ఇక్కడ మీకు పనికొచ్చేవి దుకాణాల బోర్డులు. పేరు కింద అడ్రసులో ఉన్న పేట పేరు చదువుతూ నడవండి. గుజరాతీపేట, హయాతీనగరం, ఫాజుల్‌బేగ్‌పేట, గుడివీధి. నాలుగు పేర్లలోనే దూరదేశం నుంచి వచ్చిన వర్తకులు, పారసీ మాట తెలిసిన కొలువుదార్లు, పాత శివాలయం, అన్నీ ఉన్నాయి. ఏరు దాటే చోట ఆగినవాళ్ళలో కొందరు ముందుకు పోలేదు, ఇక్కడే ఉండిపోయారు. ఇందాక చెప్పిన నోట్‌బుక్ ఇందుకే. పేర్లు రాసుకుంటూ పొండి. సాయంత్రానికి మీ పుస్తకంలో ఊరి చరిత్ర సగం ఉంటుంది.

జామియా మసీదు ఎక్కడని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. కుతుబ్‌షాహీల తరఫున వచ్చిన ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. శుక్రవారం మధ్యాహ్నం, ఇంకా నమాజు వేళల్లో కాకుండా ఉదయం పదింటి ప్రాంతంలో వెళ్ళండి. గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళకు సలాం చెప్పి, లోపల చూడొచ్చా అని అడగండి. ఆడవాళ్ళు లోపలికి రావచ్చో లేదో కూడా అక్కడే అడిగి తెలుసుకోవాలి. కాదంటే బయటినుంచి చూసి రండి, వాదించొద్దు. నేను అడిగిన ప్రతిసారీ మర్యాదగానే మాట్లాడారు. ఒకసారి కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

తరవాత ఏటివైపున్న డచ్ బంగ్లా. ఊరివాళ్ళు పిలిచే పేరు అదే. తరవాతి కాలంలో కలెక్టర్ల బంగ్లాగా కూడా వాడారు. డచ్చివాళ్ళ అసలు స్థావరం భీమునిపట్నం. వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. వాళ్ళు ఈ తీరానికి వచ్చింది బట్ట కోసం. ఇందాక చాకిరేవు దగ్గర చెప్పిన ఆ బట్టే. లోపలికి వెళ్ళనిస్తారా లేదా అన్నది ఆ రోజును బట్టి ఉంటుంది. మూసి ఉంటే గోడ దూకడం, కిటికీ ఊచలు పట్టుకుని ఎక్కడం వంటివి చేయొద్దు. పాత సున్నం గోడలు అలాంటి బరువు మొయ్యవు.

ఏం అడిగితే మాట్లాడతారు

చూడదగ్గవి ఏమున్నాయి అని అడిగితే, అరసవల్లి, శ్రీకూర్మం అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు. యాత్రికులు అడిగేదీ, కోరేదీ అదే కదా.

నేను అడిగేది ఒకటే ప్రశ్న. ఒడ్డున కూర్చున్న ముసలాయన పక్కన కాసేపు కూర్చుని, "తాతా, ఏరొచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి?" అంటాను. అంతే, మాట తెగదు. "ఏ ఊరు బాబూ మీది?" అని మొదలుపెట్టి, ఏ సంవత్సరం ఏ మెట్టు దాకా వచ్చిందో, ఎవరి పాక పోయిందో, పడవ మీద ఎవరు దాటించారో, చేత్తో చూపిస్తూ చెప్తారు. ఒకాయన లేచి నన్ను వాళ్ళ ఇంటిదాకా తీసుకెళ్ళి, గోడమీద తడి ఆనవాలు చూపించాడు. గోడకు రెండుసార్లు సున్నం వేసినా ఆ మరక వదల్లేదట. ఆడవాళ్ళతో అయితే అమ్మా, వదినా అని పిలిచి, ఇంటి గుమ్మం బయటే నిలబడి మాట్లాడండి. చెప్పినదాన్ని రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి.

మధ్యాహ్నం

పదకొండు నుంచి మూడున్నర దాకా ఒడ్డున పనిలేదు. ఎండాకాలమైతే రోడ్డు పక్కన చోడి (రాగి) అంబలి అమ్మేవాళ్ళుంటారు. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ ఒక గ్లాసు తాగితే భోజనం దాకా ఆగొచ్చు. వేసవిలో తాటిముంజలు, చలికాలంలో తేగలు దొరుకుతాయి. భోజనానికి కాంప్లెక్సు పరిసరాల్లో హోటళ్ళు చాలా ఉన్నాయి. మరుగుదొడ్లు కూడా అక్కడే చూసుకోండి, ఒడ్డున దొరకవు.

పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళు ఈ వేళకు ఆటో మాట్లాడుకుని విశాఖ-ఎ కాలనీలోని కథానిలయానికి వెళ్ళండి. కాళీపట్నం రామారావు మాస్టారు తన చేతి సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న తెరిచిన గ్రంథాలయం ఇది. తెలుగు కథల కోసమే ఉన్న ఇల్లు. పాత పత్రికల్లో చెల్లాచెదురైన కథలను ఒక్కొక్కటిగా పోగుచేశారు. నడకకూ దీనికీ సంబంధమేమిటని అడగొచ్చు. ఉదయమంతా ఒడ్డున విన్న మాటలు ఎలాంటివో అలాంటి మాటలు ఇక్కడ అచ్చులో ఉన్నాయి. తెరిచే వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి.

సాయంత్రం మళ్ళీ అక్కడికే

నాలుగు గంటలకు ఉదయం చూసిన రేవుల్లో మీకు నచ్చినదాన్ని ఒకటి ఎంచుకుని అక్కడికే వెళ్ళండి. కొత్త చోటు వెతకొద్దు. ఉదయం ఎదురెండ వల్ల కనిపించని రెండో ఒడ్డు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. పశువులు తిరిగొస్తుంటాయి. బడి వదిలిన పిల్లలు ఇసుకలో క్రికెట్ ఆడుతుంటారు. ఉదయం పలకరించినవాళ్ళు, ఇంకా ఉన్నారా బాబూ అని వాళ్ళే పలకరిస్తారు. రెండోసారి కనిపించిన మనిషితో ఊరు వేరేగా మాట్లాడుతుంది. అందుకే ఒకే రోజులో రెండుసార్లు రమ్మని నేను పట్టుబట్టి చెప్పేది.

చీకటి పడ్డాక నీటి అంచున ఉండకండి. మెట్లెక్కి వీధిలోకి వచ్చేయండి.

మర్నాడు కూడా ఉండగలిగితే

శాలిహుండం, కళింగపట్నం వెళ్ళమని చాలామంది చెప్తారు. వెళ్ళండి, మంచి చోట్లే. అయితే అవి వంశధార ఒడ్డువి, నాగావళివి కావు. శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండను 1919లో గుర్తించి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే. కొండమీది నుంచి వంశధారను చూసి, కిందికి దిగి కళింగపట్నంలో నది సముద్రంలో కలిసేచోటికీ, దీపస్తంభం దగ్గరికీ వెళ్తే ఒక పూట పడుతుంది.

ఒక్క పూటే ఉంటే మాత్రం నా ఓటు కళ్లేపల్లికి. ఊళ్ళోంచి ఆటోలో వెళ్ళొచ్చు. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటో మాట్లాడుకోండి. ముందు మణినాగేశ్వరస్వామిని దర్శించుకోండి, బలరాముడి వరసలో చివరి గుడి. తరవాత ఇసుకలో నడుచుకుంటూ నది చివరికి వెళ్ళండి. నిన్న వంతెన మీద నిలబడి చూసిన నీళ్ళే ఇవి. ఇక్కడ వేగం తగ్గి, వెడల్పై, అలలు ఎదురొచ్చినప్పుడు కాస్త వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు పోతుంటాయి. అరచేతిలోకి తీసుకుని నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటాయి. నాలుగడుగులు వెనక్కి, ఏటివైపు వచ్చి మళ్ళీ రుచి చూడండి. ఉప్పు ఎక్కడ మొదలైందో ఆ చోటు ఇసుకలో కాలితో గీసి, తరవాతి అల దాన్ని చెరిపేదాకా నేను అక్కడే కూర్చుంటాను.